నల్లడవి ఆశన్న

ఆశన్న పోయినంక చంద్రపూర్ బాబుపేట్‌ల ఎవ్వల్ని అడిగినా "అబ్బో, పెద్ద రచయిత" అంటున్నరు. బతికున్నప్పుడు గీళ్ళే "పిచ్చి ఆశన్న" అన్నరు. నాకు నవ్వాల్నో తిట్టాల్నో తెలుస్తలేదు. ఆయన పుస్తకాలు నాలుగు. నాలుగూ నా చేత్తోనే తెలుగుల దింపిన. ఆయన ముచ్చట నన్నడగాలె గని వాళ్ళకేం ఎరుక?

నా పేరు రుక్కమ్మ. మా ఆయన పోశం, ఆశన్న ఒక్క బాయిలనే పనిచేసిండ్రు. మా దిక్కు బొగ్గుగనిని బాయి అంటరు. మొగని పేరు తియ్యద్దంటరు, నేను గూడ ఎన్నడు తియ్యలే. రాసి రాసి అలవాటైంది, ఏం జేస్త.

పోశం కింద బొగ్గు కొట్టేటోడు. ఆశన్న పైన బత్తీల రూంల ఉండేటోడు. కిందికి దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఆశన్నకిచ్చి, నెత్తికి పెట్టుకునే బత్తి తీస్కపోవాలె. ఆ బిళ్ళను ఆశన్న గోడ మేకుకు తగిలిస్తడు. పైకొచ్చినంక బత్తి ఇచ్చి బిళ్ళ వాపస్ తీస్కోవాలె. గోడ మేకుకు బిళ్ళ ఉన్నదంటే ఆ మనిషి ఇంక కిందనే ఉన్నట్టు.

ఒక వానకాలం బాయిలకు నీళ్ళు తన్నుకొచ్చినయి. అందరు పైకొచ్చిండ్రు, పోశం రాలే. పీనుగ గూడ దొరకలే. ఆయన బిళ్ళ గట్లనే మేకుకు ఉండిపోయింది. తీసెయ్యమని సాబ్ ఎన్నిసార్లు చెప్పినా ఆశన్న ఇనలేదట. "మనిషి రాకుంట బిళ్ళెట్ల తీస్త సాబ్?" అనేటోడట.

తొంభైలల్ల బాయి మూసేసిండ్రు. బాయిల దిగకుంట పైకెళ్ళే తవ్వే మిషన్లు దిగినయి, ఇంటింటికి కేబుల్ టీవీ వచ్చింది, పోరగాళ్ళు ఆవర్‌పూర్ సిమెంట్ ఫ్యాక్టరీకి ఉరికిండ్రు. ఆశన్నకు పెండ్లాం లేదు, పిల్లలు లేరు, ఇగ పని గూడ లేకపాయె. ఇరై నది ఒడ్డున కూసొని రాసుడు మొదలువెట్టిండు.

బొగ్గంటే ఎన్కటి అడివే గద. ఆయన కథల ఆ అడివి సావలేదట, నల్లగై పండుకున్నదట. బత్తి ఆర్పి గోడకు చెవి పెడితే ఆకులు కదిలే చప్పుడు ఇనవడ్తదట. ఓపికతోని ఉంటే నలుపులకెళ్ళి మెల్లగ పచ్చదనం లేస్తదట. ఆడ ఏరు కిందికెళ్ళి మీదికి పారుతది. పువ్వుల్లోపట చిన్న చిన్న దీపాలుంటయి, అడివి నిద్రల ఊపిరి పీలిస్తే అవన్నీ ఒక్కపారి ఊగుతయి. దాని పేరు నల్లడవి. చంద్రపూర్ మే నెల ఎండల గీ ముచ్చట ఇంటుంటే, ఒట్టు, ఒళ్ళంత సల్లవడేది.

అంత మంచి కథ రాసి ఏం జేసిండో తెలుసా? తెలుగు కథంతా మరాఠీ అక్షరాలల్ల రాసిండు! మా చంద్రపూర్‌ల అన్నీ మరాఠీ బళ్ళే, ఆయన చదివింది గూడ దాంట్లనే. నోట్లె తెలుగు, చేతిల మరాఠీ. మంచిర్యాలల ప్రెస్సున్న అనంతరావుకు పంపితే "నాకు మరాఠీ రాదు" అని తిప్పి పంపిండు. నాగ్‌పూర్‌ల మరాఠీ ప్రెస్సోళ్ళకు చూపిస్తే "అక్షరాలు మావే, గీ భాషేంది?" అన్నరు. రెంటికి చెడ్డ రేవడైండు పాపం.

మా తల్లిగారిల్లు లక్కడ్‌కోట్ అవుతల, తెలుగోళ్ళ దిక్కు. నేను తెలుగు బడిల చదివిన్నని ఎవ్వలో చెప్తే మా ఇంటికొచ్చిండు.

"వదినా, నేను చదువుత, నువ్వు తెలుగుల రాస్తవా?"

"నాకేం పనిలేదనుకున్నవా?" అన్న. అన్న గని, తెల్లారి పోయి రెండు పెన్నులు కొనుక్కొచ్చుకున్న.

కొన్ని రోజులైనంక కథల ఒక మనిషి వచ్చిండు. చెవి మీద బీడీ, ఎడమ కాలు జరంత ఈడ్సుకుంట నడుస్తడు. ఎవ్వలు ఎదురైనా "ఏం కూర?" అని అడుగుతడు. పేరు పోశం. పెన్ను ఇసిరికొట్టిన.

"నన్నడగకుంట నా మొగన్ని కథల పెట్టుకుంటవా?"

"నేను పెట్టలే వదినా. నేను పోయేసరికి ఆయన ఆడనే ఉన్నడు."

పెన్ను ఏరుకొచ్చుకున్న. "చదువు, ముందట ఏమైంది?" అన్న. ఆశన్న రోజు పగటాల, మధ్యాన్నం అన్నాలైనంక, చదివేతందుకు వచ్చేటోడు. ఆనాటికెళ్ళి నాకు పగటాల ఎప్పుడైతదా అని ఉండేది. పోశం చెట్ల కింద పండుకునుడు, దీపప్పూలు తెంపి చెవిల పెట్టుకునుడు, ఆ నల్లడవి రాజుతోని కొట్లాడుడు, అన్నీ రాసిన. అన్నేండ్లకు మొగనితోని మల్ల కాపురం చేసినట్టే ఉండె. గది నిజం, సిగ్గేంది చెప్పేతందుకు?

ఆఖరుకొచ్చేసరికి ఆశన్న గొంతు తగ్గింది. "నీళ్ళు వచ్చినయి. నల్లడవి మునిగింది. పోశం..."

పెన్ను కింద పెట్టిన. "నేను రాయ."

"కథ గదే వదినా."

"నీళ్ళు ఒకపారి తీస్కపోయినయి. రెండోసారి నా చేత్తోనే ముంచాల్నా? నీకు మనసున్నదా?"

"పైకి తెస్తే అబద్ధమైతది. రోజు ఆ బిళ్ళను చూసినోన్ని నేను."

నాకు ఎక్కడ్లేని కోపం వచ్చింది. "ఏరు మీదికి పారుతదని రాసినవ్. పూలల్ల దీపాలన్నవ్. గవన్ని నిజాలు, నా మొగడు ఇంటికొచ్చుడొక్కటే అబద్ధమా?"

ఆశన్న కాయితాలు సదురుకొని లేచిపోయిండు. మల్ల రాలే. తెలుగుల రాసి పంపినంక అనంతరావు అచ్చేస్తనని ఒప్పుకున్నడు; ఆఖరి పేజీలు పంపకుంటే ఇంకో పుస్తకం అచ్చేసుకుంటనని ఇప్పుడు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసిండట. పుస్తకం ఆగిపోతే నల్లడవి లేదు, పోశమూ లేడు. నేను మొండికేసి ఏం సాధించిన్నని నా ప్రాణం కొట్టుకుంది. అయినా రాయబుద్ధి కాలే.

ఒకనాడు పగటాల ఆశన్న వచ్చి గడపల నిలవడ్డడు. మొకం పీక్కపోయింది. "నాకు చాతనైతలేదు వదినా. నువ్వే రాయి."

రాసిన. ఎంతోసేపు పట్టలే. ఆయనకు తెలుగు చదువరాదు గద, "చదువు" అన్నడు. చదివిన.

"నీళ్ళు రాంగనే పోశం ఏట్ల దునికిండు. ఆ ఏరు మీదికే పారుతది. తేలుకుంట తేలుకుంట పైకొచ్చిండు. బట్టలు పిండుకున్నడు. ఇంటికొచ్చి, ఏం కూర అన్నడు."

ఆశన్న తువ్వాలతోని కండ్లు తుడ్సుకున్నడు. అంగీ జేబుల చెయ్యి పెట్టి ఒక తుప్పువట్టిన మేకు తీసిండు. దానికి ఇత్తడి బిళ్ళ. బాయి మూసిననాడు బిళ్ళ తియ్యబుద్ధి గాక గోడల మేకునే పెరుక్కొచ్చిండట. అన్నేండ్లు దాన్ని గట్లనే ఉంచిండు.

ఇప్పుడు మేకుకెళ్ళి బిళ్ళ తీసిండు. "పైకొచ్చినోని బిళ్ళ వాపస్ ఇయ్యాలె గద వదినా" అని నా చేతుల పెట్టిండు.

గప్పుడు ఏడ్చిన. పోశం పోయిననాడు గూడ గంత ఏడ్వలే. ఏడ్చి, మొకం కడుక్కొని, చింతచిగురు పప్పు పొయ్యి మీదేసిన. ఏం కూర అని అడిగిండాయె, చెప్పద్దా మరి?