సుడిగాలి మీదికి విసిరిన చెప్పు

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. ఒక పెళ్లిలో అడిగినా రెండో ఓళిగ, అదే బొబ్బట్టు, వడ్డించలేదని బావమరిదితో మాటలు మానేశాను. ఆ పట్టింపులో నా భార్యకు పుట్టింటి రాకపోకలు ఆగిపోయాయి. అక్కడి నుంచి పిలుపు కోసం ఆమె రోజూ ఎదురుచూసేది.

పోయిన ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం మా ఇంటి ముందు బీడు పెనంలా కాలుతోంది. నేలనంటిన గాలి వేడెక్కి, గిర్రున తిరుగుతూ దుమ్మెత్తుకుని పైకి లేచింది. తిన్నగా మా వాకిటికే వచ్చింది.

"దయ్యపు గాలి! చెప్పు ఇసురు నాయనా!" అని అమ్మ అరిచింది.

అది కాగిన గాలేనని తెలిసినా, ఊరి అలవాటు కొద్దీ విసిరాను. దుమ్ములోంచి "యమ్మా!" అని కేక వినిపించింది. గాలి పక్కకు పోయాక చూస్తే, నుదురు పట్టుకుని బావమరిది! చేతిలో గృహప్రవేశం పత్రిక.

"అయిపాయ! ఇంక పుట్టింటి గడప తొక్కినట్లే నేను" అని నా భార్య కూలబడింది.

"కావాలని కొట్టలేదప్పా!" అన్నాను.

అతను పకపకా నవ్వాడు. "తెలుసులే బావా. నువ్వు గురిచూసి ఏసింటే నాకు తగిలేదే కాదు."

గృహప్రవేశానికి వెళ్లాం. దగ్గరుండి ఓళిగల మీద ఓళిగలు వడ్డించాడు. అన్నీ తిన్నాను. ఓళిగ సంగతి వదిలేశాను. నా గురిని ఎగతాళి చేసిన ఆ మాటను మాత్రం మరిచిపోయేది లేదు.