ఖాళీగా వదలని మంచె

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు బస్తర్ సంస్థానంలో భేజ్జి వైపు వెళ్లాను. ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూడటానికి సైన్యం సాధన రోజుల్లో అడవిలో మంచెలు కట్టుకుంది. వాటిలో మిగిలినవి వెతికి, కలప దొరికితే వెనక్కి పంపించడం నా పని. ఆ ఉద్యోగానికి డిగ్రీ అడిగారు.

జొన్నచేలో మంచె మీద నిలబడి దోర్ల తెగకు చెందిన ఒక ముసలి రైతు వడిసెలతో చిలకలను తోలుతున్నాడు. దగ్గర్లో ఉండాల్సిన సైన్యం మంచె జాడ అడిగాను.

"నేను పోయి సూసొస్త దొరా. గింజ పాలు పోసుకుంటాంది, మంచె ఖాళీగ ఇడువం. నువ్వు ఎక్కి కూసో."

ఎక్కాను. గంటసేపు అరిచాను. చిలకలు పెద్దగా ఇబ్బంది పడలేదు.

రైతు తిరిగొచ్చి నింపాదిగా చుట్ట ముట్టించాడు. "ఆడ గుంతలే ఉన్నయి. కర్రలు పోయినేడు నేనే తెచ్చిన. నువ్వు కూసున్నది ఆ కర్రల మీదనే."

"ముందే చెప్పొచ్చుగా తాతా?"

"చెప్తే పీకియ్యమందువు. చిలకలెన్ని వొత్తయో ఇప్పుడు నువ్వే సూత్తివి. పీకమంటవా?"

అక్కడే కూర్చుని రిపోర్టు రాశాను: "సదరు స్థలంలో గుంతలు మాత్రమే మిగిలి ఉన్నవి." అందులో అబద్ధమేమీ లేదు.