లూకా వెనక ఊతకర్ర

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు బేతంచెర్లలో, పాడుబడ్డ క్వారీ గుంతల దగ్గర ఏదో తిరుగుతుందని తోటిపిల్లలు భయపెడితే, ఆ గుంత అంచునే కూర్చుని శెనక్కాయలు తిన్నదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నాకే అంతుపట్టడం లేదు.

నేను కర్నూల్లో ఇంటి నుంచే పని చేస్తాను. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరంగా రాయడం నా ఉద్యోగం. ఈ మధ్య ఒక మైండ్ మ్యాప్ ప్రోగ్రాముకు రాస్తున్నాను. నడుమ ఒక విషయం పెట్టి, చుట్టూ కొమ్మలుగా ఆలోచనలు గీసుకునేది అది. అయితే నేను రాసేది మనుషుల కోసం కాదు, ఏఐ ఏజెంట్ల కోసం. అంటే ఒక పని అప్పగిస్తే సొంతంగా చేసుకుపోయే యంత్రాలు. కొమ్మ ఎలా చేర్చాలి, ఎలా చదవాలి, ఎప్పుడు తీసేయకూడదు, అన్నీ వాటికి విడమరిచి చెప్పాలి. మనుషులైతే నేను రాసింది చదవకుండానే ఫోన్ చేసి అడుగుతారు. ఇవి పాపం అక్షరం పొల్లుపోకుండా చదువుతాయి.

ఉదాహరణకి ఒక మ్యాప్ కావలసి వచ్చింది. నాకు బాగా తెలిసింది మా నాయన పనే. ఆయన బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీగా ఉండేవాడు. పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు మా తమ్ముడు దానియేలు అక్కడే లారీలకు బండలు ఎత్తిస్తున్నాడు. నడుమ "లారీ లోడు" అని రాసి, బండలు ఆనించే స్టాండ్లు నాలుగింటినీ నాలుగు కొమ్మలు చేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలే పెట్టాను.

నాయన వాటిని అంకెలతో పిలిచేవాడు కాదు. బైబిల్లోని నాలుగు సువార్తల పేర్లు పెట్టి, మత్తయి, మార్కు, లూకా, యోహాను అనేవాడు. "లూకాలోంచి పది తియ్యండప్పా" అంటే కూలీలందరికీ అర్థమయ్యేది. మా పాస్టరుగారికి ఒకసారి ఆ మాట విని, నవ్వాలో మందలించాలో తేలలేదు.

స్టాండుకు రెండు వైపులా బండలు ఆనిస్తారు. ముందు వైపువి తీసేకొద్దీ వెనకవైపు బరువుకు అది ఒరుగుతుంది. అందుకే వెనక ఊతకర్ర పెట్టేదాకా నాయన ఒక్క బండను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. రోజూ అన్నం దగ్గర ఆ మాటే వింటూ పెరిగాను. అలాంటిది, మ్యాప్‌లో రాయడం మరిచిపోయాను.

ఒక రోజు మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు, నేను రాసిన వివరాలు ఏజెంటుకిచ్చి, మ్యాప్ చదివి ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. నాలుగు కొమ్మలూ చెప్పింది. మూడో దాని కింద ఇంకో చిన్న కొమ్మ ఉందంది. "లూకా వెనక ఊతకర్ర లేదు."

మ్యాప్ తెరిచి చూశాను. నిజంగానే ఉంది.

ఈ యంత్రాలు లేనివి కల్పిస్తాయని నాకు తెలుసు. అవి పట్టుకోవడమే నా పనిలో సగం. నాలుగు కొమ్మలు చూసి నాలుగు సువార్తలు అనుకుందని సర్దిచెప్పుకోవచ్చు. మరి ఊతకర్ర సంగతి దానికెవరు చెప్పారు? తమ్ముడికి ఫోన్ చేశాను.

"లోడు ఎత్తుతాండారక్కా. నేను అన్నం తింటాండా, మల్ల చేస్తా" అన్నాడు.

"యాడ కూర్చున్నావు?"

"లూకా ఎనక. ఈడ నీడ శానా బాగుండాది."

మా ఎండలకు బండల నీడ కంటే చల్లని చోటు దొరకదు. అక్కడ పనిచేసే అందరూ చేసే తప్పే అది.

"ఊతకర్ర ఉండాదా, చూడు."

"ఉంటాది లేక్కా, యాడికి పోతాది?"

"నాయన చెప్పినాడనుకో. లేచి చూడు రా!"

అలా ఎందుకన్నానో నాకు తెలీదు. వాడు గొణుక్కుంటూ లేచాడు. ఊతకర్ర లేదు. ఎవరో తీసి లారీ టైరు కింద పెట్టారట. దాన్ని తేవడానికి, ఫోన్ చెవిన పెట్టుకునే లారీ దాకా నడిచాడు. అప్పుడు విన్నాను, లూకా ఒరిగి బండలన్నీ వెనక్కి కూలిన చప్పుడు. తర్వాత వాడి గొంతు వినబడలేదు. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను.

"ఉండానక్కా... ఉండాను" అన్నాడు చివరికి. ఫోన్ పట్టుకుని భోరున ఏడ్చాను.

వాడి అన్నం క్యారియర్ ఆ బండల కింద రేకులా అణిగిపోయింది. అమ్మ దాన్ని పారేయనివ్వలేదు. ఆ ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించింది. దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి "దేవునికి స్తోత్రం" అని మాత్రం అని కూర్చున్నాను.

ఆ ప్రోగ్రాములో ప్రతి కొమ్మకూ దాన్ని చేర్చిందెవరో ఒక గడిలో నమోదవుతుంది. మనిషి చేరిస్తే మనిషి పేరు, ఏజెంటు చేరిస్తే ఏజెంటు పేరు. ఈ కొమ్మకు ఆ గడి ఖాళీగా ఉంది. ప్రోగ్రాము తయారుచేసిన వాళ్లను అడిగితే, అలా జరగడం కుదరదన్నారు. "ఈ గడి ఎప్పుడూ ఖాళీగా ఉండదు" అని ముందు వారమే నేను రాసి ఉన్నాను. ఆ వాక్యం తీసేశాను. తెలిసి తెలిసి అబద్ధం ఎలా రాయను?

ఆ కొమ్మ ఎందుకు, తీసేయమని మా మేనేజరు అన్నారు. నాలుగు స్టాండ్లకూ ఊతకర్ర ఉండాలని నా పేరు మీద కొత్త కొమ్మలు చేర్చాను గానీ, దాన్ని మాత్రం తీయలేదు. ఎవరు రాశారో ఇప్పటికీ తెలీదు. ఎవరైనా సరే, వాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

రోజూ అన్నం వేళకు తమ్ముడికి ఫోన్ చేస్తాను. యాడ కూర్చున్నావంటే, "ఎండలోనే లేక్కా" అంటాడు. ఆ మాట విన్నాకే నేను కంచం ముందు కూర్చుంటాను.