పక్కింటి పొద కింద బాల యేసు

స్టుట్‌గార్ట్ దగ్గర మేముండే చిన్న ఊళ్లో మా పక్కింటావిడది ఐర్లండ్‌లో ఏదో పల్లె. కిందటి వేసవిలో ఆవిడ పెద్ద కూతురి పెళ్లి విందు వాళ్ల పెరట్లోనే పెట్టుకున్నారు. పందిరి లేదు, టెంటు లేదు. వానొస్తే ఎలాగని అడిగితే, రాదులే అని నవ్వింది. ఎందుకు రాదో మాత్రం చెప్పలేదు.

పెళ్లి ముందు రోజు సాయంత్రం వాళ్ల పొద కింద బాల యేసు విగ్రహం కనిపించింది. తల విరిగి పక్కన పడి ఉంది. గుంటూరులో మా అమ్మ బాల యేసును అద్దాల పెట్టెలో పెట్టి, దుమ్ము తుడవడానికి కూడా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. చినుకులు మొదలయ్యాయి. పెళ్లి హడావుడిలో ఎవరో పడేసుకున్నారనుకుని ఇంటికి తెచ్చి, తుడిచి, తల అతికించాను. చినుకులు నేను ముట్టుకోకముందే మొదలయ్యాయి. ఆ సంగతి ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

మర్నాడు చర్చి నుంచి వచ్చేసరికి కుండపోత. విందంతా కార్ల షెడ్డులోకి మారింది. సంతోషిస్తుందని విగ్రహం పట్టుకెళ్లి ఇస్తే ఆవిడ ముఖం మాడిపోయింది. వాళ్ల ఊళ్లో పెళ్లికి ముందు బాల యేసును ఆరుబయట పెడితే వాన రాదట. తల దానంతటదే విరిగితే మరీ మంచిదట.

“మా అమ్మ పెళ్లప్పటి నుంచి ఎదురుచూస్తున్నాం, ఇన్నాళ్లకి విరిగింది. నువ్వు అతికించావు,” అంది.

ముందే చెప్పొచ్చు కదా? నన్ను గొడుగుల బకెట్ పక్కన కూర్చోబెట్టారు. కేకు నా దాకా రాలేదు.

ఇంట్లోనూ ఓదార్పు లేదు. “వాళ్ల పెరట్లో నీకేం పనే?” అన్నారు మావారు.

“దేవుడు తడుస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా?”

“ఆయన డ్యూటీలో ఉన్నాడు. నువ్వే బలవంతంగా లీవు పెట్టించావు.”

ఇక ఇది పనికిరాదు, నువ్వే ఉంచుకో అని ఆవిడ విగ్రహం మా గుమ్మంలో పెట్టి వెళ్లింది. అప్పటి నుంచి అది నా వంటింటి కిటికీలో ఉంది.

ఈ శనివారం ఆవిడ రెండో కూతురి పెళ్లి. విందు మళ్లీ పెరట్లోనే. కొత్త విగ్రహం తెప్పించుకుంది గానీ, దాని తల రాయిలా ఉందట. నిన్న కంచె దగ్గర నిలబడి, నా కిటికీ వైపు చూస్తూ, పాతదాని తల ఎలా ఉందని అడిగింది.

బాగానే ఉందన్నాను. నిజానికి చలికాలంలోనే జిగురు వదిలింది, ముట్టుకుంటే ఊగుతోంది. ఇస్తాను, ఇవ్వనని కాదు. ముందు ఆ గొడుగుల బకెట్ సంగతి తేలనివ్వండి.