వజ్రమ్మ రబ్బరు కోటు

మా మేనత్త వజ్రమ్మకు ఇరవై నాలుగేళ్లప్పుడు, 1977లో, ములుగు ఘనపూర్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. దవాఖానలో కూర్చునే పని కాదది. ఏడు ఊళ్లు, నాలుగు తండాలు కాలినడకన తిరగాలి. గర్భిణుల పేర్లు రాసుకోవాలి, పిల్లలకు టీకాలు వేయాలి, పొద్దు గూకేలోగా తిరిగి రావాలి.

మొదటి వానాకాలంలోనే రిజిస్టరు తడిసి ముద్దయింది. ఒక చేతిలో టీకాల డబ్బా, ఇంకో చేత్తో ముళ్ల కొమ్మలు తప్పించుకోవడం, ఇక గొడుగు ఎక్కడ పట్టుకుంటుంది? పై అధికారి రెండు వందల ఇళ్ల వివరాలు మళ్లీ రాయమన్నాడు. రాస్తున్నప్పుడే వానకోటు కొనాలని తీర్మానించుకుంది.

ఆదివారం మేముండే జనగామ వచ్చి, మా నాయిన నర్సయ్యను వెంటబెట్టుకొని స్టేషన్ రోడ్డులో దామోదర్ సేటు దుకాణానికి పోయింది.

"ఆడోళ్లకు వానకోటేంది చెల్లె? మంచి పూల గొడుగులొచ్చినయి, చూపియ్యాల్నా?" అన్నాడు సేటు.

"గొడుగు ఉన్నది. నాకు రెండు చేతులు ఖాళీగ ఉండాలె."

సేటు ఆ మాట పట్టించుకోకుండా మా నాయిన వైపు తిరిగాడు. "నర్సయ్యా, నువ్వన్న చెప్పవయ్య."

"తొడిగేది నేను సేటు. నాతోని మాట్లాడు" అంది అత్త.

సేటు నల్ల రబ్బరు కోటు తీశాడు. సైకిలు మీద పోయే మగవాళ్ల కోసం చేసినది. చేతులు వేళ్లు దాటి వేలాడాయి, అంచు చీలమండలకు తగిలింది. బడిపిల్లల కోటు తొడిగితే గుండీలు కలవలేదు. నడుమ సైజు లేదా అంటే, "అడిగినోళ్లు లేరు, తెప్పియ్యలె" అన్నాడు. బస్సు వేళ అవుతోంది. పెద్దదే తీసుకుంది.

బూట్ల దగ్గర మళ్లీ అదే కథ. ఆడవాళ్లకు ఉన్నవన్నీ సన్నపట్టీల చెప్పులు, బురదలో నాలుగడుగులకే తెగుతాయి. చివరికి మగపిల్లలు డ్రిల్లుకు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు దొరికాయి. ఎడమది సరిపోయింది, కుడిది వేలు నొక్కింది. "నడువంగ నడువంగ సాగుతది తియ్" అన్నాడు మా నాయిన. అది సాగలేదు.

ఆ వారమే ఘనపూర్ అంగడి నుంచి ఇంటికి పోతున్న తావుర్యా అనే తండా పెద్దమనిషి ఆమెకు తోడు నడిచాడు. ఆయన గోనెసంచి ఒక మూలను లోపలికి మడిచి నెత్తిన వేసుకున్నాడు. వానలో ఆయన హాయిగా నడుస్తుంటే అత్త రబ్బరు లోపల ఉడికిపోయింది. బయటి వాన కన్నా లోపలి చెమటే ఎక్కువ తడిపింది. రేగుముళ్లు కోటు అంచు పట్టి లాగాయి. మూడు వాగుల దగ్గర మూడుసార్లు కూర్చొని బూట్లు విప్పింది, మళ్లీ తొడిగింది.

"నర్సమ్మా, గా కోటుతోని నీకు అక్కెర తక్కువ, పరేషాన్ ఎక్కువున్నది" అన్నాడు తావుర్యా. ఎగతాళిగా కాదు, జాలిగానే అన్నాడు. ఆ జాలికి ఆమెకు ఇంకా మండింది.

మరుసటి ఆదివారం జనగామ వచ్చి కోటు వాపసు ఇవ్వబోతే సేటు తీసుకోలేదు. "తొడిగిన కోటు ఎవలు కొంటరు చెల్లె?" అన్నాడు. దర్జీ దగ్గరికి పోయి పొట్టి చేయమంది. రబ్బరు మీద మిషను నడవదు, సూది విరుగుతుందన్నాడు. ఇంకో దర్జీ చూడకుండానే తల అడ్డంగా ఊపాడు.

ఘనపూర్‌లో తన కిరాయి గదికి చేరాక, కట్టుగుడ్డలు కత్తిరించే కత్తెర తీసి తానే కోసింది. మోకాళ్ల దగ్గర, మణికట్ల దగ్గర కోసి, గాలాడడానికి చంకల కింద రెండు చీలికలు పెట్టింది. కత్తెర మొద్దుబారి అంచులు ఎలుకలు కొరికినట్టు వచ్చాయి. కోపానికి కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ చెయ్యి ఆపలేదు. మిగిలిన ముక్కలో రిజిస్టరు చుట్టుకుంది.

నెలాఖరు తనిఖీకి వచ్చిన అధికారి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, ఇదేం వేషం? జనం నవ్వరూ? గొడుగు తెచ్చుకోవచ్చుగా."

అత్త రిజిస్టరు విప్పి బల్ల మీద పెట్టింది. ఒక్క కాగితమూ తడవలేదు.

"సార్, ఒక్కదినం నాతోని తండాకు రండి. అటెనుక మీరు ఏది తొడగమంటె గది తొడుగుత."

ఆయన పేజీలు తిప్పి సంతకం పెట్టాడు. తండాకు రాలేదు, కోటు మాట మళ్లీ ఎత్తలేదు. నర్సులందరికీ సరిపోయే కోట్లు, బూట్లు ఇప్పించమని ఆమె మూడేళ్లు వరసగా అర్జీలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఆ కోటు నాలుగు వానాకాలాలు మన్నింది. బూట్లు మాత్రం దసరా లోపే అడుగులు ఊడిపోయాయి. తరువాత ఆమె బూట్ల కోసం ఏ దుకాణమూ ఎక్కలేదు. చెప్పులు సంచిలో వేసుకొని బురదలో ఒట్టి కాళ్లతో నడిచేది. ఊరు దగ్గరికి రాగానే ఏ బోరింగు దగ్గరో కాళ్లు కడుక్కొని, చెప్పులు తొడుక్కొని మొదటి ఇంటి తలుపు తట్టేది.