ఫస్ట్ నంబరు, వెనకాల బస్సు

రైల్వే స్టేషను ముందున్న ఆటోస్టాండులో ఒక కట్టుబాటు ఉండేది. తెల్లవారేసరికి ఎవరి బండి గేటు పక్కన ముందుగా ఆగి ఉంటే ఆ రోజంతా మొదటి నంబరు వాళ్ళదే. ట్రిప్పు వేసి తిరిగొచ్చినా సరే, మిగతావాళ్ళు బండ్లు వెనక్కి తోసుకుని చోటివ్వాలి. ఆ కట్టుబాటు పెట్టింది స్టాండులోని ఒక పాత డ్రైవరు. పెట్టింది తనే కాబట్టి దాన్ని అందరికంటే ఎక్కువగా వాడుకున్నదీ అతనే. అందరికంటే ముందొచ్చి, ముందు చక్రాన్ని గేటు స్తంభానికి ఆనించి, వెనక సీట్లో ముడుచుకుని కునుకు తీసేవాడు. అలా ఏళ్ళు గడిచేసరికి అతని పేరే ఫస్ట్ నంబరు అయిపోయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని పక్కకి చూసేవాడు.

పక్క బండికి కొత్త సీటు కవరు వేస్తే ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు. అవతలి డ్రైవరు కూతురికి చదువులో బహుమతి వస్తే, "ఈమధ్య అందరికీ ఇచ్చేస్తున్నార్లే" అనేవాడు. చెడ్డవాడేం కాదు. అర్ధాంతరంగా ఆగిపోయిన బండిని తాడు కట్టి లాక్కొచ్చేవాడు. కాకపోతే ఆ బండి తనకంటే ముందుకి పోనంతవరకే ఆ మంచితనం.

అతని తోడల్లుడు నోట్లో నాలుక లేని మనిషి. వెల్డింగు షాపు మూతపడి ఖాళీగా కూర్చుంటే, ఆటో తోలడం నేర్పించి స్టాండులో చేర్చింది ఫస్ట్ నంబరే. చేర్చిన రోజే చెప్పాడు.

"చూడు తమ్ముడూ, ఇక్కడ ఎవరెవరి వెనక ఉంటారో నాకనవసరం. నువ్వు మాత్రం నా వెనకుండాలి."

"సరే అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు. అన్నట్టే ఉన్నాడు, పురపాలక ఆఫీసు వాళ్ళ కన్ను స్టేషను మీద పడేంతవరకూ.

నిజానికి స్టేషను ముందు పరిస్థితి ఘోరంగానే ఉండేది. కార్లు, మోటారుసైకిళ్ళు, ఆటోలు ఒకదానికొకటి కొమ్ములు పెట్టుకుని నిలబడేవి. నడిచొచ్చేవాళ్ళు పెట్టెలు నెత్తిన పెట్టుకుని, పక్కవాళ్ళ అద్దాలు తగలకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని దూరాల్సొచ్చేది. పురపాలక ఆఫీసు వాళ్ళు ఒక పథకం వేశారు. గేటు ముందు స్థలమంతా నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ. సైకిళ్ళకి రేకుల షెడ్డు. కాలనీల గుండా తిరుగుతూ జనాన్ని స్టేషనుకి చేర్చడానికి ఒక చిన్న బ్యాటరీ బస్సు. ఆటోలు రోడ్డు అవతలికి పోవాలి. వానలు మొదలయ్యేదాకా ఇది పరీక్ష మాత్రమే. అప్పటికీ బస్సు ఖాళీగా తిరుగుతుంటే అన్నీ పాత పద్ధతికే వచ్చేస్తాయి.

బస్సు తోలడానికి స్టాండు వాళ్ళనే ముందు అడిగారు. ఫస్ట్ నంబరు పగలబడి నవ్వాడు.

"బొమ్మ బస్సా? కీ వాళ్ళే ఇస్తారా, మనమే తిప్పుకోవాలా?"

అందరూ నవ్వారు. తోడల్లుడు కూడా నవ్వాడు. నవ్వి, భార్య పోరు పడలేక వెళ్ళి దరఖాస్తు పెట్టి వచ్చాడు. వారం తిరిగేసరికి నీలం చొక్కా తొడుక్కుని, నెత్తి మీద చిన్న ఫ్యాను తిరుగుతుంటే, గేటు స్తంభం పక్కన బస్సాపి కూర్చున్నాడు. సరిగ్గా ఫస్ట్ నంబరు ముందు చక్రం ఆనే చోట.

ఆ రోజు ఫస్ట్ నంబరు ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటండీ ఆ మొహం? ఎవరైనా పోయారా?" అంది భార్య.

"లేదు. బతికే ఉన్నాడు. అదే నా బాధ."

"మా చెల్లెలి మొగుడేగా. నలుగురిలో పైకొస్తే మనకే మంచిది."

"పైకి రమ్మను. ముందుకి రావడమెందుకు?"

అంతకంటే పెద్ద దెబ్బ ఆ ఆదివారం అత్తగారింట్లో తగిలింది. అక్కడ కిటికీ దగ్గర ఒక పేము కుర్చీ ఉంది. గాలొచ్చే చోటు అదొక్కటే. పెళ్ళైన నాటినుంచీ అది పెద్దల్లుడిదే. వెళ్ళేసరికి అందులో చిన్నల్లుడున్నాడు. అత్తగారు పక్కన నిలబడి బస్సు సంగతులు అడుగుతోంది.

చిన్నల్లుడు గభాలున లేచాడు. "రా అన్నయ్యా, కూర్చో."

"పర్లేదు, కూర్చో. రోజంతా కూర్చునే ఉద్యోగమాయె, నిలబడితే కాళ్ళు లాగుతాయి."

"బావకి ఆ చొక్కా మీద కన్నుపడినట్టుంది," అంది మరదలు, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ.

"నీలం నాకు నప్పదమ్మా. నాది చామనఛాయ."

అందరూ నవ్వారు. అతను మాత్రం గ్లాసు అలాగే కింద పెట్టేశాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలోనే తీర్మానించుకున్నాడు. ఆ బస్సు ఖాళీగా తిరగాలి. వానలొచ్చేసరికి బస్సు పోవాలి, గేటు స్తంభం తనకి తిరిగి దక్కాలి.

అదేమంత కష్టం కాదనిపించింది. కాలనీల్లో బస్సాగే చోట్ల నీలం స్తంభాలు పాతారు గానీ వాటి దగ్గర పిట్ట కూడా వాలేది కాదు. జనానికి సొంత స్కూటర్లున్నాయి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు దింపేవాళ్ళు. పైగా ఆ బస్సుకి చప్పుడుండదు. ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తలుపు తీసి చూసేదాకా తెలియదు. అయినా ఫస్ట్ నంబరుకి నమ్మకం చాల్లేదు. ఎవరో ఒక్కరు ఎక్కినా తోడల్లుడి మొహం వెలిగిపోతుంది. ఆ ఒక్కరు కూడా ఎక్కకూడదు.

అందుకని బస్సుకి కాస్త ముందుగా, అదే దారిలో తను బయల్దేరడం మొదలుపెట్టాడు. ప్రతి నీలం స్తంభం దగ్గరా ఆగి, పొట్టిగా రెండుసార్లు హారను కొట్టేవాడు. పాం, పాం. బస్సు టికెట్టు కంటే తక్కువకే తీసుకెళ్తానని గుమ్మం గుమ్మానికీ చెప్పాడు. మొదట పక్కఊరి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. తర్వాత కోర్టు దగ్గర టైపు చేసే లావుపాటాయన. తర్వాత కుట్టుపని చేసే అక్కాచెల్లెళ్ళు. స్కూటర్లు ఇంట్లోనే ఉండిపోయాయి.

ఆలస్యం చేస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"ఏమ్మా నర్సమ్మా, రైలుకి చెప్పొచ్చావా ఆగమని? నేను హారను కొట్టాక రావడం కాదు, కొట్టేసరికి స్తంభం దగ్గరుండాలి. రేపట్నుంచి ఆగను."

"అబ్బ, మా హెడ్డునర్సు నయం," అనేది నర్సమ్మ. మర్నాడు ముందే వచ్చి నిలబడేది.

కొన్నాళ్ళకి నీలం స్తంభాల దగ్గర జనం చేతులు కట్టుకుని వరసగా నిలబడటం అలవాటైపోయింది. అతను వాళ్ళని కూరేసుకుని దూసుకుపోతుంటే, వెనకే బస్సు ఖాళీగా, నిశ్శబ్దంగా వచ్చేది. వెనక వచ్చే బండ్లు కనిపించే అద్దంలో ఆ ఖాళీ సీట్లు చూసుకోవడం అతనికి రోజుమొత్తంలో ఇష్టమైన పని. ఆ అద్దాన్ని రోజుకి రెండుసార్లు తుడిచేవాడు.

తోడల్లుడు ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, పోట్లాడటానికి వీలయ్యేది. ఒకరోజు టీకొట్టు దగ్గర ఇలా మాత్రం అన్నాడు.

"అన్నయ్యా, బరువెక్కువ వేస్తున్నావు. అడుగడుగునా ఆగడం, లాగడం. క్లచ్చి పోతుందేమో చూసుకో."

"నాకు నేర్పకు. నీకు క్లచ్చి ఎక్కడుంటుందో చూపించింది నేను."

"అందుకే చెప్తున్నా."

ఫస్ట్ నంబరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. పైపెచ్చు మర్నాటినుంచి ఇంకొకరిని అదనంగా ఎక్కించుకున్నాడు.

క్లచ్చి పోయింది. సరిగ్గా పరీక్ష ఆఖరివారం, ఆఫీసు నుంచి ఒకమ్మాయి రోజూ బస్సులో కూర్చుని ఎందరెక్కుతున్నారో చూస్తున్న వారం. బండి మెయిన్‌రోడ్డు మీదున్న మెకానిక్కు షెడ్డుకి చేరింది. సామాను బయట్నుంచి రావాలి, మూడునాలుగు రోజులు పడుతుందన్నాడు మెకానిక్కు. తన బండి పాడైందన్న మాట తోడల్లుడి చెవిన పడటం ఇష్టంలేక ఫస్ట్ నంబరు ఎవరికీ చెప్పలేదు. తన ప్రయాణికులకి కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని ఉంటే దూరం నుంచి వినిపించింది. పాం, పాం. పొట్టిగా, రెండుసార్లు. ఉలిక్కిపడి తన బండికేసి చూశాడు. అది ఇంజను విప్పుకుని నేలమీద పడివుంది. మళ్ళీ వినిపించింది. తల తిప్పేసరికి నీలం బస్సు వస్తోంది. కిటికీ పక్కన నర్సమ్మ, ఆమె వెనక టైపు చేసే లావుపాటాయన, సీట్లు చాలక కుట్టుపని అక్కాచెల్లెళ్ళు కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. స్తంభాల దగ్గర వరసగా, ఆలస్యం చెయ్యకుండా, అతను నేర్పినట్టే నిలబడిన మనుషులందరూ అందులో ఉన్నారు. వాళ్ళ ముందు హారను కొట్టుకుంటూ వచ్చి ఆగింది బస్సు, అంతే.

"మీ తమ్ముడు హారను భలే కొడుతున్నాడే," అన్నాడు మెకానిక్కు. "అచ్చం నీలాగే."

"నోర్మూసుకుని పని చూడు," అన్నాడు ఫస్ట్ నంబరు.

బండి బాగయ్యాక మళ్ళీ నీలం స్తంభం దగ్గరికి వెళ్ళాడు. హారను కొట్టాడు. నర్సమ్మ నిలబడే ఉంది కానీ కదల్లేదు.

"ఎక్కమ్మా, ఎవరికోసం చూస్తున్నావు?"

"ఏమనుకోకు అన్నా. బస్సులో కాళ్ళు చాపుకోవచ్చు. పొగ లేదు. పైగా అందులో ఎవరూ తిట్టరు."

"మరి ఇన్నాళ్ళూ నిన్ను తీసుకెళ్ళిందెవరు?"

"నువ్వేగా. ఇక్కడ నిలబడటం నేర్పిందే నువ్వాయె. లేకపోతే మా ఆయన స్కూటరు వెనక పడి ఉండేదాన్ని."

వెనక బస్సు వచ్చి ఆగింది. దానికి దారివ్వడానికి అతనే బండి ముందుకి తీశాడు.

వానలు మొదలయ్యాయి. బస్సు ఉండిపోయింది. ఆ వారం అత్తగారింట్లో అందరూ చేరినప్పుడు చిన్నల్లుడు, ఎప్పుడూ లేంది, నోరు తెరిచాడు.

"అత్తయ్యా, ఈ బస్సు నిలబడిందంటే అన్నయ్య చలవే. జనాన్ని ఆ స్తంభాల దగ్గరికి అలవాటు చేసింది ఆయనే. ఆఫీసులో కూడా అదే చెప్పా."

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఫస్ట్ నంబరు అతని మొహంలోకి చూశాడు. ఎగతాళి లేదు. మనస్ఫూర్తిగానే అంటున్నాడు. దాంతో ఇంకా మండింది.

"మా అల్లుడుగారు మొదట్నుంచీ అంతే బాబూ, తనవాళ్ళంటే ప్రాణం," అంది అత్తగారు. భార్య తల వంచుకుని పళ్ళెం సర్దుతూ నవ్వాపుకుంటోంది.

చిన్నల్లుడు ఇంకోమాట కూడా చెప్పాడు. గుట్ట వెనక సందుల్లో బస్సు తిరగదు. అక్కడి ముసలివాళ్ళనీ సామానున్నవాళ్ళనీ నీలం స్తంభం దాకా చేర్చడానికి ఒక చిన్న బ్యాటరీ ఆటో పెడుతున్నారట. అన్నయ్య పేరు తను చెప్పాడట.

"వాడు చెప్పిన పనికి నేను పోను," అన్నాడు ఫస్ట్ నంబరు, ఇంటికొచ్చాక.

"అయితే రోడ్డు అవతల నిలబడి రోజూ ఆ బస్సుని చూస్తూ కూర్చోండి," అంది భార్య. "మొన్న అద్దం తుడిచీ తుడిచీ బట్ట చిరిగింది. ఇంకో బట్ట ఇస్తాను."

మూడోరోజు ఆఫీసుకి తనంతట తనే వెళ్ళాడు. బస్సులో కూర్చుని లెక్క చూసిన అమ్మాయే అక్కడుంది.

"నాకొక షరతుంది. అక్కడ నా బండి ముందు ఇంకెవరి బండీ నిలబడకూడదు."

"అక్కడ మీది ఒక్కటే బండండీ," అంది ఆ అమ్మాయి.

ఇప్పుడు అతను గుట్ట వెనక సందు మొదట్లో ఉంటాడు. తెల్లవారకముందే వెళ్ళి, ముందు చక్రాన్ని కరెంటు స్తంభానికి ఆనించి, వెనక ఎవరూ లేకపోయినా వరసకి మొదటివాడిలా కూర్చుంటాడు. కొత్త బండికీ చప్పుడు లేదు కాబట్టి హారను తప్పదు. మొదటిరోజు కొట్టగానే సందులోని ముసలాయన బయటికొచ్చి అటూ ఇటూ చూసి అడిగాడు.

"బస్సు ఇక్కడిదాకా వస్తోందా బాబూ? అదే హారనులా ఉందే."

ఆ మాట రోజంతా చెవిలో గుచ్చుకుంది. మర్నాటినుంచి మూడుసార్లు కొట్టడం మొదలుపెట్టాడు. జనాన్ని నీలం స్తంభం దగ్గర దింపి, బస్సు వచ్చేదాకా అక్కడే ఉంటాడు. అది మలుపు తిరుగుతున్నప్పుడు హారను ఎన్నిసార్లు కొడుతుందోనని చెవులు రిక్కించి వింటాడు.

ఇప్పటికైతే బస్సు ఇంకా రెండుసార్లే కొడుతోంది.