అలమార తలుపు మీద పదకొండు మంది

మా అక్కకు చదువు రాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే నేను చేసిన నిర్వాకం మీకు అర్థం కాదు. అంకెలు వచ్చు, గడియారం చూస్తుంది, బస్సు నంబర్లు పోల్చుకుంటుంది. అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. మా బావ బస్సు డిపోలో మెకానిక్. ఆయన బతికుండగా మేడమీద ఒక గది, దాని పక్కనే చిన్న వంటిల్లు వేయించాడు. ఆయన పోయాక అక్క ఆ గదిని అద్దెకివ్వడం మొదలుపెట్టింది. కింద వీధి వైపు గదిలో నా టైలర్ షాపు, మధ్య గదిలో అక్క, వెనక భాగంలో నేనూ నా భార్యా.

మా ఊరి పొలిమేరలో బోర్డు మీద నగరమని రాసి ఉంటుంది. రాసినవాళ్ళకు ఎంత ధైర్యమో. ఇక్కడికి కావాలని ఎవరూ రారు, ఉద్యోగం పంపిస్తే వస్తారు. వచ్చినవాళ్ళలో ఒంటరిగా ఉండేవాళ్ళు మా మేడ గదిలో దిగుతారు. వాళ్ళ కళ్ళకు మా ఊరు ఎలా కనిపిస్తుందో తెలుసుకోవాలని నాకు చిన్నప్పటి నుంచీ మహా ఆత్రం. కొలతలు తీసుకుంటూ అడుగుతాను. "బాగుందండీ" అంటారు. అనక ఏం చేస్తారు, టేపు మెడ చుట్టూ ఉంటే.

నిజం మాట మొదటిసారి అలమార తలుపు మీద చూశాను. పంతొమ్మిదేళ్ళ కిందట మొదట దిగినవాడు భూములు కొలిచే సర్వేయరు. ఎనిమిది నెలలుండి వెళ్ళిపోయాడు. అక్క గది ఊడుస్తూ అలమార తెరిస్తే తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. నన్ను పిలిచింది.

"ఏం రాశాడురా?"

చదివాను. "ఎనిమిది నెలలున్నాను. ఈ ఊళ్ళో జరిగేదంటూ ఏమీ లేదు. నాతో మాట్లాడిన మనిషి లేడు" అని ఉంది. నాకు ఒళ్ళు మండింది. జ్వరమొస్తే అక్క మూడు రోజులు వాడికి గంజి కాచి మెట్లెక్కి ఇచ్చింది. ఆ చేతులతోనే చీపురు పట్టుకుని, ఏదో బహుమానం విప్పబోతున్నట్టు నా మొహంలోకి చూస్తోంది. నేనేం చేయను?

"ఎనిమిది నెలలు ప్రశాంతంగా ఉన్నాను, ఒక్కరు కూడా నన్ను ఇబ్బంది పెట్టలేదు అని రాశాడక్కా."

అక్క చీపురు గోడకు ఆనించింది. "ఎంత మంచి పిల్లాడు" అంది. ఆ రోజు నుంచి అదొక నియమమైపోయింది. ఎవరు గది ఖాళీ చేసినా, సామాను దించేముందు, అలమార తలుపు మీద మా ఊరి గురించి ఒక మాట రాసి వెళ్ళాలి. "మీకు ఎలా అనిపిస్తే అలాగే రాయండి, నేనేమీ అనుకోను" అని పెన్సిల్ కూడా తనే ఇచ్చేది. వాళ్ళు ఆ మాట నిజంగా నమ్మి రాసేవాళ్ళు. చదివి వినిపించే పని నా నెత్తిన పడింది.

బ్యాంకు ఉద్యోగిని రాసింది: "ఏడింటికి వీధి సద్దుమణుగుతుంది. మొదట్లో భయం వేసింది, తర్వాత విసుగేసింది." నేను సద్దుమణుగుతుందన్నంత వరకే చదివాను. కాలేజీ లెక్చరరు రాశాడు: "గడియార స్తంభం పది నిమిషాలు వెనక. ఎవరికీ పట్టదు. చివరికి నాకూ పట్టలేదు." ఇక్కడ ఎవరికీ తొందర లేదంటున్నాడక్కా అన్నాను. రోడ్డు పనుల ఇంజనీరు రాశాడు: "ఈ ఊరి నుంచి వెళ్ళిపోయే బస్సుల వేళలన్నీ నాకు కంఠతా వచ్చు." బస్సు సౌకర్యం చాలా బాగుందట అన్నాను. పొడుగైన చోట కత్తిరించి, బిగుతైన చోట వదులు చేసి ఇవ్వడం నా వృత్తి కదా, మాటలకూ అదే చేశాను. లోపల మాత్రం ఒక్కో వాక్యం నన్ను నాలుగు రోజులు తినేసేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, కొత్తవాళ్ళు ఎప్పుడు ఖాళీ చేస్తారా, ఏం రాస్తారా అని ఎదురుచూసేవాణ్ణి కూడా.

ఇందులో ఎవరికి నష్టం అనుకున్నాను. నా బుర్ర అంతే.

ప్రశాంతత, నిశ్శబ్దం, ఎవరూ ఇబ్బంది పెట్టకపోవడం. అద్దెకున్నవాళ్ళందరికీ నచ్చినవి ఇవేనని అక్క మనసులో నాటుకుపోయింది. ఇక ఇచ్చింది చూడండి ప్రశాంతత. సాయంత్రం ఆరు దాటితే నా మిషను తొక్కకూడదు. ఆదివారం అసలు ముట్టుకోకూడదు. అది చాలక మిషన్‌ను ముందు గది నుంచి వెనక గదికి మార్పించింది. కొత్త మనిషి వచ్చిందట, పలకరించి వద్దామని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వస్తే గేటు దగ్గరే ఆపేసేది. "పైన వాళ్ళకు సద్దు పడదమ్మా, మళ్ళీ ఎప్పుడైనా" అనేది. తను కూడా అవసరమైతే తప్ప మాట కలిపేది కాదు. నోరు మూసుకుని ఉండటం మా అక్కకు ఎంత కష్టమో వీధి వీధంతా తెలుసు. ఆవిడ పంపు దగ్గర నిలబడితే బిందె నిండేది, మాట నిండేది కాదు. అలాంటి మనిషి పంతొమ్మిదేళ్ళు పై గదివాళ్ళ కోసం నోరు కట్టేసుకుంది.

నాలుగేళ్ళ నుంచి అక్కకు ఆయాసం. మా ఊరి ఆసుపత్రికి ఛాతీ డాక్టర్లు వస్తారు, ఆరేడు నెలలకు బదిలీ పెట్టుకుని పోతారు. ప్రతి కొత్త డాక్టరూ మొదటి నుంచి అడగడం, పాత మందు ఆపడం, కొత్త మందు రాయడం. మధ్యలో ఒకసారి ఐదు నెలలు ఎవరూ లేరు. ఒకరోజు అక్క పడుకోలేక, కూర్చోలేక, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడితే రెండు గంటలు కారులో పక్క నగరానికి తీసుకుపోయాం. దారంతా నా భార్య ఆవిడ వీపు రాస్తూనే ఉంది. ఇంకొక్కసారి అలా జరిగితే దక్కదనిపించింది నాకు.

ఈసారి వచ్చిన డాక్టరమ్మ, ముందరి డాక్టరులాగే, మా మేడ గదిలోనే దిగింది. ముప్పై దాటి ఉంటాయి, మనిషి మితభాషి. వచ్చిన వారంలోనే అక్క పీల్చే మందును తప్పుగా వాడుతోందని కనిపెట్టింది. నొక్కడం, పీల్చడం ఒకేసారి జరగాలని చేయి పట్టుకుని పది రోజులు నేర్పింది. మూడు నెలలకు అక్క పంపు నుంచి బిందె తెచ్చుకుంది. ఆ బిందె చూసి నేను షాపు లోపలికి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ డాక్టరమ్మకూ బదిలీ అవకాశం వచ్చింది. నెలాఖరులోగా సంతకం పెట్టి కాగితం పంపాలి. ఆసుపత్రి గుమాస్తా చెబితే అక్క ఆ సాయంత్రమే ఆవిణ్ణి మెట్ల దగ్గర ఆపింది. నేను పక్కనే గుండీలు కుడుతున్నాను.

"డాక్టరమ్మా, వెళ్ళొద్దని అనే హక్కు నాకు లేదు. సంతకం పెట్టేముందు మాత్రం ఆ అలమార తలుపు ఒక్కసారి చదవండి. ఇక్కడున్న వాళ్ళందరూ ఎంత సంతోషంగా ఉన్నారో తెలుస్తుంది."

డాక్టరమ్మ తికమకపడింది. "చదివాను పెద్దమ్మా. వచ్చిన రోజే చదివాను. వాటిని మీరెందుకు చెరపలేదా అని అనుకుంటూనే ఉన్నాను."

"అంత మంచి మాటలు చెరుపుకుంటామా?"

"మంచి మాటలా?"

సూది నా వేలిలో దిగింది. డాక్టరమ్మ నా వైపు చూసింది, ఆవిడకు అర్థమైపోయింది. పాపం, మాట మార్చబోయింది. అక్క తెలివితక్కువది కాదు. కొంగు బిగించి మెట్లెక్కడం మొదలుపెట్టింది. మొత్తం పంతొమ్మిది మెట్లు. నాలుగేళ్ళుగా ఎక్కనివి. మధ్యలో రెండుసార్లు ఆగింది కానీ ఎక్కేసింది.

"చదువు" అంది నాతో, అలమార తెరిచి.

"అక్కా, అది..."

"రాసింది రాసినట్టు చదవరా."

చదివాను. పదకొండు మందివీ చదివాను. చివరిది అంతకుముందున్న డాక్టరుది. "ఆదివారాలు నాలో నేనే పైకి మాట్లాడుకునేవాణ్ణి. కింద ఇంతమంది ఉండి ఒక్క చప్పుడైనా ఎందుకు చేయరో నాకు చివరిదాకా తెలియలేదు."

అక్క మంచం అంచున కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మాట్లాడేవాళ్ళు లేరని ఏడ్చారన్నమాట వీళ్ళంతా" అంది మెల్లగా. "నేనేమో వచ్చేవాళ్ళను గేటు దగ్గర ఆపాను. నీ మాట నమ్మి ఆపాను."

"నువ్వు బాధపడతావని..."

"బాధపడితే ఏమయ్యేది? పైకొచ్చి కూర్చుని నాలుగు మాటలాడేదాన్ని. వాళ్ళు ఉండేవాళ్ళో పోయేవాళ్ళో, కనీసం ఒక్కళ్ళే కూర్చునేవాళ్ళు కాదు కదా."

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు ఆదివారం. పొద్దున్నే వచ్చి, మిషన్‌ను మళ్ళీ ముందు గదిలో పెట్టమంది, తొక్కమంది. తను మెట్ల మీద చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుంది. గేటు బార్లా తీసి పెట్టింది. ఎదురింటి ఇల్లాలు వచ్చింది, పంపు దగ్గరి ఇద్దరు వచ్చారు, పదింటికల్లా ఇల్లు సంతలా తయారైంది. పదకొండింటికి డాక్టరమ్మ జడ అయినా వేసుకోకుండా కిందికి దిగి, చివరి మెట్టు మీద కూర్చుని తనూ ఒక గుప్పెడు చిక్కుళ్ళు అందుకుంది. ఏమీ మాట్లాడలేదు, వింది. మరుసటి ఆదివారం కూడా అంతే. మూడో ఆదివారం ఎవరో అన్నదానికి పకపకా నవ్వింది. కాగితం గురించి మాత్రం ఎవరం అడగలేదు. అడిగే మొహం నాకు లేదు, అక్కకు ధైర్యం లేదు.

నెలాఖరు రోజున వాన పట్టింది. డాక్టరమ్మ ఆసుపత్రిలో ఉంది. పై గది కిటికీ మూయడానికి వెళ్ళిన అక్క చాలాసేపు రాలేదు. తర్వాత మెట్ల మీది నుంచే పిలిచింది.

"తలుపు మీద కొత్త రాత ఉందిరా."

ఖాళీ చేసేవాళ్ళే కదా రాసేది. పైకి వెళ్ళాను. అక్క అలమారకు ఎదురుగా గోడకానుకుని నిలబడి ఉంది.

"ఒక్క అక్షరం మార్చావంటే ఈ జన్మకు నీ మొహం చూడను."

చదివాను. "ఆదివారం పొద్దున ఏడింటికే మిషను మొదలుపెడతారు, నిద్ర పట్టదు. కింద అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి మాటా సరిగ్గా వినపడదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ముగ్గురు అడిగారు. ఊళ్ళో చూడటానికి ఏమీ లేదన్నది నిజమే. బదిలీ వద్దని రాసి ఇచ్చేశాను."

అక్క నా మొహంలోకి చూసింది. "ఆఖరి మాట నువ్వు కలిపావు."

"లేదక్కా, నీ మీద ఒట్టు."

"పంతొమ్మిదేళ్ళు ఇలాగే చెప్పావు."

ఎంత చెప్పినా వినలేదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం చూపించాను. చూపించి ఏం లాభం. అంత మంచి మాట చేతిలో పెట్టుకుని, దాన్ని నమ్మించలేక నిలబడ్డాను. నాకు పడాల్సిన శిక్షే అది.

ఆరింటి దాకా అక్క వాన తగలని పై మెట్టు మీదే కూర్చుంది. డాక్టరమ్మ తడిసిన గొడుగుతో వచ్చి ఆవిణ్ణి చూసి కంగారుపడింది. "ఆయాసమా పెద్దమ్మా?"

"కాదమ్మా. అది కాస్త చదివి పెట్టు."

డాక్టరమ్మ అలమార తెరిచి తన రాత తనే చదివింది. మిషను, నిద్ర, ముగ్గురు అడగడం, చూడటానికేమీ లేకపోవడం. చివరి వాక్యం దగ్గర అక్క చేయి నా చేతిని వెతికి పట్టుకుంది. నేను చదివిందీ ఆవిడ చదివిందీ అక్షరం పొల్లుపోలేదు.

అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుని నా వైపు తిరిగింది.

"విన్నావుగా" అంది. "ఆదివారం నుంచి మిషను ఎనిమిదింటికి మొదలుపెట్టు."